ఓడకీ పాటకీ ఒకే పద్దు

మా ఊళ్ళో స్కూలు బడ్జెట్ మీటింగ్‌కి మామూలుగా పట్టుమని పదిమంది రారు. ఈసారి మాత్రం హాలు నిండిపోయింది. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకి స్కూల్లోనే నేర్పే వయొలిన్, వయోలా, సెల్లో క్లాసులు ఎత్తేస్తే ఎంత మిగులుతుందో లెక్కగట్టి ఓ కాయితం పంచారు. మా అమ్మాయి ఐదో తరగతి, వయోలా వాయిస్తుంది. (వాయిస్తుంది అనడం కన్నా దాంతో పోట్లాడుతుంది అనడం సబబు. ఆ అరగంటా నేను గరాజ్‌లో ఏదో ఒక పని కల్పించుకుంటాను.)

ఓటింగు వచ్చే వారానికి వాయిదా పడింది. బయట కార్ల దగ్గర మనవాళ్ళం కొందరం నిలబడి మాట్లాడుకుంటుంటే ఒక మిత్రుడన్నాడు: "తీసేస్తే తీసేయనివ్వండి గురూగారూ, ఆ గంట కూడా లెక్కలకే ఇస్తే సరి. ముందు డబ్బు, బలం. ఆటాపాటా ఆ తర్వాతే. చరిత్రలో ఏ నాగరికత తీసుకున్నా అంతే కదా!"

అందరూ తలూపారు. దాచుకోవడం ఎందుకు, నేనూ ఊపాను. ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆయనన్న ఆ చివరిమాట తప్పు. మిగతా నాగరికతల సంగతేమో గానీ, ఉద్యోగానికి ఏ సంబంధమూ లేకుండా నేను పిచ్చిగా చదువుకున్న ఒక ఊరి విషయంలో మాత్రం కచ్చితంగా తప్పు. ఆ ఊరు ఏథెన్స్.

ఏథెన్స్ బలమంటే దాని నౌకాదళమే. ఆ దళం ఎప్పుడొచ్చింది? క్రీ.పూ. 483లో లారియం గనుల్లో కొత్తగా వెండి పడితే, ఆ డబ్బు తలా కాస్తా పంచుకోకుండా ఓడలు కట్టిద్దామని థెమిస్టోక్లీస్ జనాన్ని ఒప్పించాడు. మూడేళ్ళు తిరక్కుండానే సలామిస్ దగ్గర పర్షియన్లని ఓడించింది ఆ ఓడలే. మరి పాట ఎప్పుడొచ్చింది? అంతకు పాతికేళ్ళ ముందు! క్రీ.పూ. 508 ప్రాంతంలో క్లైస్తెనీస్ అనే ఆయన జనాన్నంతా పది తెగలుగా కొత్తగా విడగొట్టాడు. ఒక్కో తెగలోనూ సముద్రపు ఒడ్డు వాళ్ళు కొందరు, కొండ పల్లెల వాళ్ళు కొందరు, పట్నం వాళ్ళు కొందరు ఉండేలా చూశాడు. అంటే ఒకరి మొహం ఒకరికి తెలియని వాళ్ళని తీసుకొచ్చి ఇకమీదట మీరంతా ఒకటే అన్నాడన్నమాట. కాయితం మీద రాస్తే ఒకటైపోతారా ఎవరైనా? సుమారు ఆ రోజుల్లోనే డయోనిసస్ దేవుడి వసంతోత్సవంలో మగవాళ్ళ బృందగానం పోటీలు మొదలయ్యాయి. అవి కుదురుకున్నాక పద్ధతి ఇది: తెగకి యాభైమంది పెద్దవాళ్ళు, యాభైమంది పిల్లలు. పది తెగలకీ కలిపి వెయ్యి మంది!

నాటకాల్లో పాడేవాళ్ళు వీళ్ళు కాక వేరే. పౌరులైన మగవాళ్ళు మొత్తం 30 వేల నుంచి 60 వేల దాకా ఉండేవారని చరిత్రకారుల అంచనా. ఆ లెక్కన ఏటా వెయ్యి మందికి పైగా నేర్చుకుని, రిహార్సల్స్ చేసి, ఊరందరి ముందూ పాడుతూ ఆడేవారు. ఏడాదికేడాది మనుషులు మారుతుంటే, ఓ ఇరవై ముప్ఫై ఏళ్ళలో జీవితంలో ఒక్కసారైనా ఆ వరసలో నిలబడని ఇల్లు ఎన్నుంటాయి? పైగా సైన్యం కూడా తెగలవారీగానే ఉండేది. పక్కపక్కన నిలబడి పాడినవాళ్ళే రేపు డాళ్ళు పట్టుకుని పక్కపక్కన నిలబడేవాళ్ళు.

అన్నిటికన్నా నాకు నచ్చింది వాళ్ళ జమాఖర్చు పద్ధతి. డబ్బున్న పౌరుల మీద రెండు రకాల పెద్ద బాధ్యతలు పడేవి. ఒకటి ఏడాదిపాటు ఒక యుద్ధనౌకని నడపడం. రెండోది ఒక బృందాన్ని పోషించడం: వాళ్ళకి నేర్పించే గురువు, తిండి, బట్టలు అన్నీ ఆయన ఖర్చే. ఈ రెండూ ఒకే తరహా పద్దు. "అయ్యా, నాకంటే ఫలానావాడు ఎక్కువ ఉన్నవాడు, వాడి మీద వేయండి" అని అభ్యంతరం చెప్పుకోవచ్చు. అప్పుడా ఫలానావాడు ఖర్చయినా నెత్తినేసుకోవాలి, లేదా తన ఆస్తిని ఇతని ఆస్తితో మార్చుకోవాలి. (ఇది మన సంఘాల్లో పెడితే చందాల సమస్య ఒక్క పూటలో తీరిపోతుంది.) క్రీ.పూ. 472లో ఎస్కిలస్ 'పర్షియన్లు' నాటకం వేసినప్పుడు ఆ ఖర్చు భరించింది అప్పటికి ఇరవై పైచిలుకు వయసున్న పెరిక్లీస్. సలామిస్ జరిగి ఎనిమిదేళ్ళే. పర్షియన్లు తగలబెట్టిన ఊరు అది. ఆ ఊళ్ళో కూర్చున్నవాళ్ళకి ఎస్కిలస్ చూపించింది గెలిచిన తమని కాదు, ఓడిన పర్షియా రాజు తల్లి దుఃఖాన్ని. అది చూసి ఆ జనం మొదటి బహుమతి ఇచ్చారు.

నౌకలో 170 మంది తెడ్లు వేయాలి. ఒకళ్ళు తాళం తప్పితే పక్కవాడి తెడ్డుకి తగులుతుంది. అందుకని ఓడలో ఔలోస్ అనే జంట సన్నాయి ఊదేవాడు ఒకడుండేవాడు. ఉత్సవంలో బృందం పాడింది కూడా ఆ ఔలోస్‌కే. అక్కడ నేర్చుకున్న తాళం ఇక్కడ పనికొచ్చిందని ఎవరూ రాసిపెట్టలేదు, అది నా ఊహే అనుకోండి. కానీ ప్లేటో తన 'న్యాయాలు'లో చదువురాని వాడంటే బృందంలో ఆడిపాడని వాడు అని నిర్వచనం చెబుతాడు. చదువుకీ పాటకీ మధ్య మనం గీసే గీత ఆయనకి కనపడినట్టు లేదు.

ఏథెన్స్‌ని ఆకాశానికెత్తుతున్నానని అనుకోకండి. ఆ వెండి తవ్వింది బానిసలు. ఆడవాళ్ళకి ఓటు లేదు. ఆ ఉత్సవంలోనే లోబడ్డ ఊళ్ళు కట్టిన కప్పం డబ్బుని రంగస్థలం మీద ప్రదర్శించేవారు. నాటకాలు చూసినంత మాత్రాన బుద్ధి వస్తుందనీ లేదు. క్రీ.పూ. 416-415 చలికాలంలో మెలోస్ అనే చిన్న ద్వీపంలో మగవాళ్ళని చంపి, ఆడవాళ్ళనీ పిల్లలనీ బానిసలుగా అమ్మేశారు. ఆ వసంతంలోనే యూరిపిడీస్ 'ట్రోజన్ స్త్రీలు' వేశాడు. చెరపట్టిన ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళ ఏడుపే ఆ నాటకం. చూశారు, రెండో బహుమతి ఇచ్చారు, వేసవిలో వెళ్ళి సిసిలీ మీద పడ్డారు.

సిసిలీలో సర్వనాశనమైపోయారు. క్రీ.పూ. 413లో ఏడు వేలమందికి తక్కువ కాకుండా పట్టుబడితే, సిరక్యూజ్ వాళ్ళు వాళ్ళని రాతిక్వారీల్లోకి తోశారు. మనిషికి రోజుకి గుప్పెడో రెండు గుప్పెళ్ళో గింజలు, ఒక గ్లాసు నీళ్ళు. పగలు ఎండ, రాత్రి చలి, పక్కన శవాలు. థుసిడిడీస్ రాసిన ఆ పేజీ చదివిన రోజు అన్నం సహించలేదు నాకు.

ఇక్కడే ప్లూటార్క్ ఒక మాట చెబుతాడు. ఆయన ఐదొందల ఏళ్ళ తర్వాతివాడు, కాబట్టి కాస్త ఉప్పూకారం చేరి ఉండొచ్చు. సిసిలీ వాళ్ళకి యూరిపిడీస్ పాటలంటే ప్రాణమట. బానిసలైన ఏథెన్స్ వాళ్ళలో కొందరు తమకి గుర్తున్నవి యజమానులకి నేర్పి విడుదలయ్యారు. యుద్ధం తర్వాత దిక్కులేక తిరుగుతున్నవాళ్ళలో కొందరికి పాట పాడితే అన్నం, నీళ్ళు దొరికాయి. ఇళ్ళకి చేరినవాళ్ళు యూరిపిడీస్ దగ్గరికి వెళ్ళి దణ్ణాలు పెట్టారట.

వాళ్ళు సైనికులు, పండితులు కాదు. వాళ్ళకి అన్ని పాటలు ఎలా వచ్చు? ఏదో ఓ ఏడు వరసలో నిలబడి పాడి ఉంటారు, లేదా ఆ వరసలో తమ్ముడో మేనల్లుడో ఉంటే ఇంట్లో రోజూ విని ఉంటారు. మా తాతయ్య మూడో తరగతితో బడి మానేశాడు. కానీ 'పాండవోద్యోగ విజయాలు' పద్యాలు పొలంలో నీళ్ళు కడుతూ వరసగా పాడేవాడు. ఆయనకి అవి ఎవరూ నేర్పలేదు, ఊళ్ళో ఏటా నాటకం ఆడేవారు, అంతే.

డెమోస్తనీస్‌కి ఈ ఖర్చంతా ఒళ్ళుమంట. పండగలు ఏ ఏడూ ఒక్క రోజు ఆలస్యం కావు, ఎవరి వంతో ఏడాది ముందే అందరికీ తెలుసు, ఓడలు మాత్రం ఎప్పుడూ పని చెడ్డాక చేరతాయి అని క్రీ.పూ. 351లో సభలో విరుచుకుపడ్డాడు. మా మిత్రుడి తరఫు వకీలు అన్నమాట! ఆయన కోపంలో న్యాయముంది. కానీ క్రీ.పూ. 338లో ఫిలిప్ చేతిలో ఓడాక ఊరి ఖజానా చూసిన లైకర్గస్ ఏం చేశాడో చూడండి. నౌకల షెడ్లు పూర్తి చేయించాడు. నాటకశాలని రాతితో పూర్తి చేయించింది కూడా ఆయనే. ఎస్కిలస్, సోఫోక్లీస్, యూరిపిడీస్ నాటకాలకి ఇక ఎవరూ మార్చకుండా అధికార ప్రతులు రాయించాడు. ఓడిపోయి, బుద్ధొచ్చిన ఊరు కూడా రెండింట్లో ఒకదాన్ని ఎంచుకోలేదు. ఆ ప్రతుల్నే తర్వాత అలెగ్జాండ్రియా రాజు మూడో టోలెమీ పదిహేను టాలెంట్ల వెండి డిపాజిట్ కట్టి అరువు తెచ్చుకుని, అసలువి తన లైబ్రరీకి ఉంచేసుకుని, నకళ్ళు తిప్పి పంపాడని గేలెన్ రాశాడు. డిపాజిట్ పోతే పోయిందనుకున్నాడు. లెక్కలు తెలిసినవాడే.

వచ్చే వారం మీటింగ్‌లో మాట్లాడదల్చుకున్నవాళ్ళకి మనిషికి మూడు నిమిషాలిస్తారు. నా పేరు రాయించాను. మిత్రుడికి ఫోన్ చేసి సంగతి చెబితే, "మీరు మాట్లాడండి గానీ, నా ఓపిక మాత్రం మూడు నిమిషాలే" అన్నాడు. వస్తానన్నాడు.

"రాతిక్వారీ కథ చెప్తావా నాన్నా?" అనడిగింది మా అమ్మాయి. చెప్తానన్నాను.

"మరి నేనింకా ఒక్క పాట కూడా మొత్తం వాయించలేను కదా" అని, వయోలా తీసుకుని పైకి వెళ్ళింది. ఈసారి గరాజ్‌లోకి వెళ్ళలేదు నేను.