హమాలీకీ డోసు లెక్క రాయండి
అణుశక్తి నియంత్రణ మండలి అధ్యక్షుల వారికి,

2024లో మా జిల్లా కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారని తెలిసి ఊళ్లన్నీ రోడ్డెక్కాయి. కానీ నేను రాసేది రేడియేషన్ ఉన్న సరుకు మోసేవాళ్ల గురించి. వానలు తప్పితే మద్దికెర నుంచి సుగ్గికి వలసపోయే కూలీ ఏది ఎత్తమన్నా ఎత్తుతాడు. అది మోనజైట్ ఇసుకయితే అందులో థోరియం ఉంటుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే కిరణాలు లోపలి నుంచే తగులుతాయి. అవి కంటికి కనబడవు, వాసన రాదు.

రేడియేషన్ పనివాళ్లకు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టుల డోసు, మామూలు మనిషికి 1 అని హద్దు పెట్టారు. మరి రోజుకూలీ హమాలీ, లారీ క్లీనరు ఏ లెక్కలోకి వస్తారయ్యా? వాళ్లకూ డోసు కొలిచే బ్యాడ్జీ ఇప్పించండి. కాంట్రాక్టరు మారినా ఆ లెక్క మనిషి వెంటే పోవాలి. లోడెత్తక ముందే అదేం సరుకో తెలుగులో చెప్పించండి.

ఇట్లు,
మద్దికెర వాసి