వర్డ్స్‌వర్త్ ప్రకృతి కవేనా?

"వర్డ్స్‌వర్త్ ప్రకృతి కవి" అనే వాక్యంతో మొదలుకాని జవాబు పత్రం దిద్దే అదృష్టం నాకింకా పట్టలేదు. గైడ్లలో అదే, మేమిచ్చే నోట్సుల్లోనూ అదే. ఈ మాటతో నాకు పేచీ ఉంది. నా మటుకు ఆయన ముందు జ్ఞాపకాల కవి, ఆ తర్వాతే ప్రకృతి కవి. ఆయన పద్యాల్లోని కొండలూ సరస్సులూ చాలావరకు కళ్ళెదుట ఉన్నవి కావు. ఏళ్ళ తరబడి మనసులో నానినవి. నానుతూ నానుతూ ఆ మనసునే తయారుచేసినవి.

అందరికీ తెలిసిన డాఫొడిల్స్ పద్యమే తీసుకోండి. అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున ఆయన ఆ పూలు చూసింది 1802 ఏప్రిల్ 15న. పద్యం రాసింది సుమారు రెండేళ్ళ తర్వాత. అచ్చయింది 1807లో. ఆ రోజు చెల్లెలు డొరతీ వెంటే ఉంది. ఆమె దినచర్యలో పూలు గాలికి ఊగడమే కాదు, కొన్ని అలసిపోయి రాళ్ళమీద తలవాల్చుకున్నాయి కూడా. అన్నగారి పద్యంలోకి వచ్చేసరికి చెల్లెలూ లేదు, ఆ అలసటా లేదు. ఒంటరి మనిషి, నాట్యమాడే పూలూ మిగిలాయి. రెండేళ్ళలో జ్ఞాపకం చేసిన పని అది! ఇంకో తమాషా ఏమంటే, అందులో లోపలి కంటిని గురించిన రెండు పాదాలు భార్య మేరీ ఇచ్చినవి. పద్యంలో అన్నిటికన్నా మంచి పాదాలు అవేనని ఆయనే చెప్పాడు. ఇంతమంది చెయ్యి పడిన జ్ఞాపకాన్ని పట్టుకుని మనం "ప్రకృతి వర్ణన" అని అండర్‌లైన్ చేయించి మార్కులు వేస్తున్నాం.

పోనీ, ఆ జ్ఞాపకాలన్నీ పూలేనా అంటే అదీ కాదు. 'ద ప్రిల్యూడ్'లో ఓ కుర్రాడు వెన్నెల రాత్రి ఎవరిదో పడవ చెప్పకుండా తీసుకుని సరస్సులోకి వెళతాడు. గట్టు వెనకనుంచి ఒక నల్లటి శిఖరం లేచి వెంటబడుతుంది. పడవ దూరం జరిగేకొద్దీ వెనక కొండ పైకి లేచినట్టు కనబడడం సహజమేనని సైన్సు విద్యార్థులు చెప్పగలరు. కానీ ఆ తర్వాత చాలా రోజులు వాడి మనసులో చెట్లూ ఆకాశమూ మాయమైపోయి, ఏవో పెద్ద ఆకారాలు మాత్రం కదులుతూ ఉంటాయి. దానికేం చెబుతారు?

అంతకన్నా నన్ను పట్టుకున్నది మరొకటి. 1783 క్రిస్మస్ సెలవులకు ఇంటికి తీసుకువెళ్ళే గుర్రాలకోసం 13 ఏళ్ళ వర్డ్స్‌వర్త్ ఒక మిట్టెక్కి మంచులో ఎదురుచూశాడు. పక్కన ఒక గొర్రె, ఒక ముళ్ళచెట్టు, అంతే. ఇల్లు చేరి పదిరోజులన్నా కాకుండానే తండ్రి పోయాడు. తల్లి అప్పటికే లేదు. చూడబోతే ఆ చోట వర్ణించదగ్గ అందమేమీ లేదు. అయినా పెద్దయ్యాక ఆయన మనసు దాహం తీర్చుకోవడానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళింది అక్కడికే.

జ్ఞాపకం కొన్నిటిని దాచేస్తుంది కూడా. టింటర్న్ ఆబే శిథిలాల్లో బిచ్చగాళ్ళూ, దగ్గర్లోనే ఇనుప కొలుములూ ఉన్నాయని 1782లోనే విలియం గిల్పిన్ యాత్రాగ్రంథం చెప్పింది. 1798 నాటి వర్డ్స్‌వర్త్ పద్యంలో ఆ కొలుముల ఊసే లేదు. ఆయన్ని నిలదీయవలసిన చోటు అది. క్లాసులో అదీ చెప్పాలి.

"మన పిల్లలు డాఫొడిల్ మొహం చూశారా, ఎందుకండీ ఈ పాఠం?" అంటారు కొందరు మిత్రులు. వారికి జాన్ స్టూవర్ట్ మిల్ సంగతి చెబుతాను. తర్కం తప్ప మరోటి ఎరగకుండా పెరిగిన ఆ మేధావి 1826లో, 20 ఏళ్ళ వయసులో, దేనిమీదా ఆసక్తి లేక కుంగిపోయాడు. 1828లో చదివిన వర్డ్స్‌వర్త్ తనకెంతో ఊరట ఇచ్చాడని ఆత్మకథలో రాశాడు. కొండల వర్ణన నచ్చడానికి కారణం, చిన్నప్పుడు తాను తిరిగిన పిరనీస్ పర్వతాలట! అయితే వట్టి వర్ణనకైతే వాల్టర్ స్కాటే మెరుగనీ, తనకు మందు అయింది ఆ దృశ్యాలు లేపిన భావాలనీ తేల్చి చెప్పాడు. కవి చూసింది ఒక కొండ, చదువరికి గుర్తొచ్చింది ఇంకో కొండ. ఫ్రాన్సు కొండకు చెల్లిన హక్కు మన ఊరి చెరువుగట్టుకు చెల్లదా?

ప్రశ్నపత్రాలు తయారుచేసే మిత్రులకు ఒక మనవి. "వర్డ్స్‌వర్త్ ప్రకృతి వర్ణనను చర్చింపుము" అన్నది ఒక్క ఏడాది ఆపి, పూలు చూసిన రోజుకీ పద్యం రాసిన రోజుకీ మధ్య ఏం జరిగిందో రాయమనండి. గైడ్లలో దొరకదు. దిద్దడం మాకూ కొంచెం కష్టమే, కానివ్వండి.