టీవీ నవలే! అయితే ఏమిటట?

"మీరు కూడానా, అమ్మా!" అన్నారాయన, చావింటికి పరామర్శకొచ్చినవారి గొంతుతో.

గద్వాలలో ఒక పుస్తకావిష్కరణ సభ అప్పుడే ముగిసింది. నేను టీ గ్లాసు అందుకుని ఓ పక్కగా నిలబడ్డాను. ఆయన పేరున్న విమర్శకులు. ఆ పేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే ఆయనకి కోపం, రాయకపోతే తమనే అన్నానని మరో నలుగురికి అనుమానం. ఒకరి కోపం కన్నా నలుగురి అనుమానమే నయం.

"టీవీ సీరియల్ని నవల చేశారట కదా! పోనీలెండి, పెద్ద కష్టమేం ఉండదు. సీరియళ్ళు చూసే ఆడవాళ్ళకి ఏం రాసినా ఒకటే. వాళ్ళేం కనిపెడతారు గనక!" అని నవ్వారు. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. చెప్పొద్దూ, మర్యాదకి నేనూ నవ్వాను.

బస్సెక్కి ఇటిక్యాల చేరేదాకా ఆ నవ్వు నన్ను వదల్లేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూంటే ఒళ్ళు మండింది. ఆయన మాటకి కాదండీ. నేనెందుకు నవ్వినట్టు?

అందుకని అక్కడ చెప్పని జవాబు ఇక్కడ చెబుతున్నాను. ఆయన ఈ పేజీలు చదవరు. వాళ్ళావిడ చదువుతారు. నాకంతే చాలు.

సంగతేమిటంటే, నాలుగేళ్ళు సాగి ముగిసిన ఓ సీరియల్‌ని నవలగా రాయమని ఒక వారపత్రికవాళ్ళు అడిగారు. అనుమతులూ అవీ వాళ్ళే చూసుకున్నారు. కథాసంగ్రహం అంటూ ఓ కట్ట కాగితాలు పంపారు. నేను చూడకుండా వదిలేసిన భాగాలు చాలానే ఉన్నాయి గానీ, కాగితాలున్నాయిగా అనుకున్నాను. పది నవలలు రాసినదాన్ని, బి.ఏ. చదివినదాన్ని, ఇది నాకో లెక్కా! (ఈ అహంకారాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.) ఇరవయ్యారు వారాలు వచ్చింది నవల.

ఆ వెంటే మొదలయ్యాయి ఉత్తరాలు. కార్డులు, కవర్లు, పత్రికాఫీసు ఫోనుకి వాట్సాప్‌లో పొడుగు పొడుగు అభిప్రాయాలు. "నీ సొంత నవలలకి ఇన్ని రాలేదే!" అన్నారు మావారు. ఆయనకి అప్పుడప్పుడు నిజం చెప్పే అలవాటుంది.

సగం మంది "అంతా మేం చూసిందే కదా, మళ్ళీ చదవడమెందుకు?" అన్నారు. తక్కిన సగం "మేం చూసినట్టు లేదేం?" అన్నారు. రెండూ ఒకే రోజు టపాలో వస్తే ఎవరికని జవాబు చెప్పను? సీరియల్లో అత్తగారు మెట్లు దిగినప్పుడల్లా మూడుసార్లు ఉరిమేదనీ, నవల మొత్తంమీద ఒక్కసారైనా ఉరమలేదనీ ఒకావిడ బాధపడ్డారు. వేళాకోళం చేశారో, నిజంగానే అన్నారో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఇంకో చిక్కు చెప్పనా? సీరియల్ సగంలో నాయిక వేషం వేసే అమ్మాయి మారిపోయింది. 'ఇకనుంచి ఈ పాత్రలో' అని కింద అక్షరాలేసి కొత్తమ్మాయిని నిలబెట్టేశారు. మొగుడూ ఆశ్చర్యపోలేదు, అత్తా అడగలేదు! ఇక నవల చదివేవాళ్ళలో కొందరికి పాత మొహం, కొందరికి కొత్త మొహం. ఒకావిడ ఇలా రాశారు: "మీ నవలలో నాకు చివరిదాకా మొదటమ్మాయే కనిపించింది. సీరియల్లో సగం కష్టాలు ఒకరివి, సగం ఇంకొకరివి అయిపోయాయి. ఇప్పుడు అన్నీ ఒకే మనిషికి జరిగినట్టుంది." దీన్ని విమర్శ అనరా అండీ? నవల చేయగలిగిందీ, సీరియల్ చేయలేకపోయిందీ ఏమిటో మూడు వాక్యాల్లో తేల్చేశారావిడ.

తెరమీద నాయిక ఏడిస్తే కన్నీళ్ళు కనిపిస్తాయి. ఏడవకుండా బియ్యం కడుగుతూ ఏమనుకుంటోందో కనిపించదు. కెమెరా మాత్రం ఏం చేస్తుంది పాపం, మొహాన్ని నాలుగు వైపుల నుంచీ చూపించి వీణ మోగిస్తుంది. ఆ మిగిలిపోయిన చోటు నవలది. ఆ చోటు కోసమే నేను ఒప్పుకున్నాను. డబ్బు కోసం కూడా ఒప్పుకున్నాను, దాచడమెందుకు?

ఇక పుట్టుక మాట. టీవీలో పుట్టింది గనక అది సాహిత్యం కాదంటారు. మా గద్వాల చీర చూడండి. ఒంటికి నూలు, అంచుకీ కొంగుకీ పట్టు. రెండు రకాల పోగుల్నీ మగ్గం మీదే ఒకదానికొకటి కలిపి నేస్తారు. అది చీర కాదు, అతుకు అన్నవాళ్ళని నేను చూళ్ళేదు. అతుకు కనిపిస్తే అప్పుడు నేతని తప్పు పట్టండి. నూలునీ పట్టునీ ఎందుకు?

తెరమీది కథ పుస్తకంలోకి రావడం ఇవాళ కొత్తా? ముళ్ళపూడి వెంకటరమణగారంతటివారు వెండితెర నవలలు రాశారు. మా అమ్మ పెట్టెలో అట్టలూడిపోయిన వెండితెర నవలలు ఉండేవి. సినిమాకి గద్వాల వెళ్ళాలంటే బండీ, డబ్బూ, మా నాన్న ఒప్పుకోలూ మూడూ కలిసి రావాలి. పుస్తకానికి మధ్యాహ్నం నిద్ర మానుకుంటే సరిపోయేది.

ఇంగ్లండులో 'డాక్టర్ హూ' అని 1963లో మొదలైన సీరియల్ ఉంది. తొలి ఏళ్ళ టేపులు చాలావాటిని బి.బి.సి. వాళ్ళే చెరిపేశారు. ఈనాటికీ 90కి పైగా భాగాల బొమ్మ దొరకలేదు. 1973 నుంచి టార్గెట్ అనే ప్రచురణవాళ్ళు ఆ కథల్ని చిన్న చిన్న నవలలుగా వేశారు. ఒక్క టెరెన్స్ డిక్స్ అనే ఆయనే 60కి పైగా రాశారు. ఇళ్ళలో వీడియోలు లేని రోజుల్లో పిల్లలకి ఆ కథలు మళ్ళీ దొరికింది ఆ పుస్తకాల్లోనే. తెర చెరిపేసుకున్నదాన్ని కాగితం దాచిపెట్టింది.

నవల తెరకెక్కితే మాత్రం అందరికీ పండగ! కోడూరి కౌసల్యాదేవిగారి 'ప్రేమనగర్' 1971లో, యద్దనపూడి సులోచనారాణిగారి 'మీనా' 1973లో, 'సెక్రటరీ' 1976లో సినిమాలయ్యాయి. అప్పుడు అదొక గౌరవం. అదే దారిలో ఎదురొస్తే అగౌరవమా? అయినా ఆ నవలల్ని మాత్రం వీళ్ళు సులువుగా వదిలిపెట్టారా? ఆడవాళ్ళు రాసి ఆడవాళ్ళు చదివే కాలక్షేపం అన్నారు. ఆ కాలక్షేపం చేసినవాళ్ళ జ్ఞాపకం ఎలాంటిదో 2016లో తెలిసింది. 'అ ఆ' సినిమా రాగానే ఇది మా 'మీనా' కదా, యద్దనపూడిగారి పేరేదీ అని అడిగినవాళ్ళు ఆ నవల చదివినవాళ్ళే. పేరు ఆ తర్వాత చేరింది.

'వాళ్ళేం కనిపెడతారు' అన్న మాట మీదే నా అసలు పేచీ. 1987, 88లలో ఆదివారం పొద్దున్నే టీవీలో రామాయణం వచ్చేది. టీవీ ఉన్నవాళ్ళింట్లో చాప మీద కూర్చున్న పిల్లల్లో నేనూ ఉన్నాను. వెనక కూర్చున్న ఆడవాళ్ళకి హిందీ ఒక్క ముక్క రాదు. అయినా "ఇక్కడ కథ తప్పించినాడే!" అని పట్టేసేవాళ్ళు. హనుమంతుడు కనిపిస్తే బీచుపల్లి స్వామికి పెట్టినట్టే దండం పెట్టి, మరుక్షణం ఆయన తోక బాగా కుదరలేదనేవాళ్ళు. భక్తి వేరు, విమర్శ వేరు అని వాళ్ళకి ఎవరూ నేర్పలేదు.

అంతకు ముందు 1984 జూలై నుంచి 85 డిసెంబరు దాకా దూరదర్శన్‌లో 'హమ్ లోగ్' వచ్చింది. రాసింది మనోహర్ శ్యామ్ జోషి, హిందీలో మంచి నవలాకారులు. భాగం చివర అశోక్ కుమార్ వచ్చి నాలుగు మాటలు చెప్పేవారు. ఆ సీరియల్‌కి నాలుగు లక్షల దాకా ఉత్తరాలు వచ్చాయంటారు. అందులో పెద్దపిల్ల బడ్కీకి సలహాలు చెబుతూ రాసినవాళ్ళున్నారు. అరవింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ అనే పరిశోధకులు ఆ ఉత్తరాల్లో కొన్నిటిని ముందేసుకుని ఒక్కొక్కటే చదివి పరిశీలించారు. అమెరికాలో చదవదగ్గ ఉత్తరాలు గద్వాలలో నవ్వులాట ఎలా అయ్యాయో నాకు అంతుపట్టదు.

పాఠకురాళ్ళందరూ నన్ను మెచ్చుకున్నారు గనక ఇలా వెనకేసుకొస్తున్నాననుకునేరు! సీరియల్లో అత్త ఒట్టి రాక్షసి. నేను ఆమెకొక చిన్నతనం రాశాను. పదమూడేళ్ళకే పెళ్ళి, ఆకలి, మాట పడడం, అన్నీ. నాకు ఎంతో ఇష్టమైన అధ్యాయం అది. దానికొచ్చిన ఉత్తరం ఇది: "మీరు అత్తకి కారణం ఇచ్చారు. మా అత్తకీ ఏదో కారణం ఉండే ఉంటుంది. నా చేతిమీద కాలిన మచ్చ కూడా ఉంది. కారణం తెలిసింది గనక క్షమించమంటారా?" సంతకం లేదు. ఊరు లేదు. ఉంటే ఏం జవాబు రాసేదాన్నో తెలియదు. ఆ అధ్యాయం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ క్షమించమని నేను అనలేదు తల్లీ అని ఎక్కడో ఒకచోట చెప్పాలనిపించింది. ఇదిగో, ఇక్కడ చెప్పాను.

ఇక నా అహంకారం సంగతి.

అంగన్‌వాడీలో పనిచేసే ఒకావిడ రాశారు. నీలం సిరా, గీతల కాగితం. "సీరియల్లో ఆ పిల్లది సహకార బ్యాంకులో ఉద్యోగం. నాలుగేళ్ళూ పొద్దున్నే సంచి తగిలించుకుని బయల్దేరేది. ఆమెను చూసే నేను మా ఇంట్లో అడిగి పనిలో చేరాను. మీరు ఎనిమిదో వారంలో 'పెళ్ళితో ఉద్యోగానికి స్వస్తి చెప్పింది' అని ఒక్క ముక్క రాసి మాన్పించారు. ఎందుకు మానింది? ఎవరు మానమన్నారు? ఆ రోజు ఆమె ఏడ్చిందా? ఇవన్నీ రాయాల్సింది. లేకపోతే మాన్పించకుండా ఉండాల్సింది."

పాత వారాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. నిజమే. నాకు పంపిన సంగ్రహంలో బ్యాంకు ఊసే లేదు, అది వాళ్ళ తప్పు. కానీ ఆ వాక్యం నాది. ఎందుకు రాశానో కూడా జ్ఞాపకం వచ్చింది. మధ్యాహ్నం పూట అత్తా కోడళ్ళకి ఓ సన్నివేశం కావాలి. కోడలు ఇంట్లో లేకపోతే సన్నివేశం ఎలా? అందుకని మాన్పించేశాను. ఒక ఆడపిల్ల ఉద్యోగం, నా సౌకర్యం కోసం!

సంపాదకులు చూడలేదు. ప్రూఫులు దిద్దినవారు చూడలేదు. మావారు చూడలేదు. ఆ విమర్శకులైతే చదవనే లేదు. అతుకు ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది ఓ సీరియల్ చూసే ఆడమనిషి.

అప్పుడు నాకో దుర్బుద్ధి పుట్టి నా సొంత నవలలు పదీ బయటికి తీశాను. లెక్క చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఏడింటిలో నాయికకి ఏదో ఒక ఉద్యోగం ఉంది. అయిదింటిలో పెళ్ళికి ముందో వెనకో ఆ ఉద్యోగం ఎటో పోయింది. రెండింటిలో నేను మాన్పించను కూడా లేదు, ఊరికే మర్చిపోయాను! ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. ఎలా అడుగుతారు? ఆ నాయికలు నా ద్వారానే వాళ్ళకి తెలుసు. నేను ఎంత చెబితే అంత. ఈ పిల్ల అలా కాదు. నా కన్నా ముందు నాలుగేళ్ళు వాళ్ళింట్లో తిరిగింది. రాత్రి ఎనిమిదింటికి అన్నం తినేవేళ రోజూ చూశారు. నేనే వెనకొచ్చినదాన్ని. సొంత నవల రాసినప్పుడు నేను యజమానురాలిని, సీరియల్ నవల రాసినప్పుడు జవాబుదారుని. మరి దేన్ని చులకనగా చూడాలంటారు?

పుస్తకంగా వేస్తున్నారు కనుక ఆ వాక్యం కొట్టేశాను. కొట్టేయడం క్షణం పని. ఎనిమిదో వారం నుంచి మధ్యాహ్నాలన్నీ సాయంత్రాలకి మార్చాల్సి వచ్చింది. ఒక దెబ్బలాట ఆదివారానికి జరిపాను. ప్రచురణకర్త నలభై పేజీలు మళ్ళీ కూర్చాలని గొణిగారు. గొణగనివ్వండి.

మా వీధి చివర ఒక అవ్వ ఉంది. చదువు రాదు. నవలంతా మనవరాలు చదివి వినిపించింది. మొన్న నీళ్ళ బిందెతో పోతూ నన్ను చూసి ఆగింది.

"ఏం బిడ్డా, ఆ పిల్లను మల్ల కొలువుకు తోలుతున్నవంట?"

"అవును అవ్వా. నేనే తప్పు రాశాను."

"మంచిగ చేస్తున్నవ్. జీతమెంతిస్తరు ఆ పిల్లకు?"

నోరు తెరిచి మళ్ళీ మూశాను. నాలుగేళ్ళ సీరియల్లోనూ లేదు, ఇరవయ్యారు వారాల నవలలోనూ లేదు.

"జీతం తెల్వకుండ కొలువెట్ల రాస్తవ్? అది తెచ్చి ఎవరి చేతుల పెడ్తదో అది సుత చెప్పకపోతివి" అంటూ బిందె సర్దుకుని వెళ్ళిపోయింది.

రేపు గద్వాల వెళ్తున్నాను. బ్యాంకులో పనిచేసే ఒకావిడ తెలుసు, అడగాలి.