పిల్లికి ఒక గూడు కడదాం



వార్షికోత్సవం వచ్చిందంటే పూర్వ విద్యార్థులమంతా తలా కొంత వేసుకుని హాస్టల్‌కు ఏదో ఒకటి ఇవ్వడం మన ఆనవాయితీ. గోడ గడియారం, సీలింగ్ ఫ్యాను, అంబేద్కర్ పటం, క్యారమ్ బోర్డు, ఇవన్నీ ఇచ్చాం. ఇకముందూ ఇస్తాం. ఈసారి వాటితోపాటు ఇంకొకటి చేయాలని నా ప్రతిపాదన. వంటగదికి దూరంగా, ప్రహరీ గోడ పక్కన, మన ఆవరణలో తిరిగే పిల్లుల కోసం ఒక గూడు, దాని చుట్టూ ఒక జాలీ ఆవరణ కట్టాలి.

చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. కాని నవ్విన తరువాత ఒక్క నిమిషం ఆలోచించండి.

హాస్టల్ అంటే బియ్యం బస్తాలు, కందిపప్పు, వేరుశెనగ గుళ్ళు. ఇవి ఉన్నచోటికి ఎలుక రాక మానదు. ఎలుక ఉన్నచోటికి పిల్లి రాక మానదు. ఇది ఒక్క మన హాస్టల్ సంగతి కాదు, స్టోర్‌రూమ్ ఉన్న ప్రతి హాస్టల్ సంగతి. పిల్లి వస్తుంది, అటక మీదో, విరిగిన మంచాల కిందో పిల్లల్ని పెడుతుంది. అవి పెరిగి సాంబారు గిన్నె దగ్గరకు వస్తాయి. ఎవరికో కోపం వస్తుంది. పిల్లల్ని గోనెసంచిలో వేసి కాలవ అవతల వదిలేస్తారు. తల్లి మూడు రోజులు అరుస్తూ తిరుగుతుంది. మళ్ళీ కొన్ని నెలలకు అదే కథ మొదలు. ఏళ్ళ తరబడి ఇదే జరిగితే సమస్య తీరినట్టా? పిల్లులు తగ్గలేదు, ఎలుకలు తగ్గలేదు. మన చేతికి పాపం మాత్రం అంటింది.

ఎలుకలంటే చిన్న విషయం కాదు

నోటుపుస్తకాలు కొరకడం, ట్రంకుపెట్టెలో బట్టలు కొరకడం వరకే అయితే సర్దుకుపోవచ్చు. కాని 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో ఎలుకలు కరిచిన పసికందు చనిపోయిన సంగతి మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళ వల్ల, బురద వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. ఎలుక జ్వరం అని మనవాళ్ళు అనేది దీన్నే. వానాకాలంలో, వరదల తరువాత ఇది ఎక్కువ. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఇలాంటి తుఫానులు వచ్చినప్పుడు నీళ్ళు నిలిచే నేల మనది. నేలమీద పడుకునే పిల్లలున్న చోట ఎలుకల సంగతి తేలిగ్గా తీసుకోకూడదు.

మరి ఎలుకల మందు పెడితే సరిపోదా అంటారు. మందు తిన్న ఎలుక ఎక్కడ చచ్చి పడుతుందో తెలియదు. బస్తాల సందులో చస్తే వారం రోజులు వాసన. దాన్ని తిన్న పిల్లీ చస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలు తిరిగే చోట విషం పెట్టడం ఏ విధంగా చూసినా మంచిది కాదు.

అలాగని పిల్లి ఒక్కటే అన్నీ చూసుకుంటుందని నేను చెప్పను. న్యూయార్క్‌లో చేసి 2018లో ప్రచురించిన ఒక పరిశీలనలో పిల్లులు పెద్ద ఎలుకలను చంపడం చాలా అరుదని తేలింది. కాని పిల్లులు తిరిగే చోట ఎలుకలు బయటకు రావడం తగ్గించి దాక్కున్నాయి. మన అనుభవమూ అదే. పందికొక్కు జోలికి పిల్లి పోదు. చిట్టెలుకను, ఎలుక పిల్లను మాత్రం వదలదు. కాబట్టి ముందు స్టోర్‌రూమ్ తలుపు కింద రేకు కొట్టించాలి. అరంగుళం సందు ఉంటే చాలు, ఎలుక దూరుతుంది. బస్తాలను గోడకు ఆనించకుండా చెక్కల మీద పెట్టాలి. మిగిలిన అన్నాన్ని రాత్రి బయట ఉంచకూడదు. ఇవన్నీ చేసిన తరువాత పిల్లి మనకు సాయం. ఇవి చేయకుండా పిల్లి మీద భారం వేయడం సోమరితనం.

గూడు ఎలా ఉండాలి

దీనికి ఇంజనీరు అక్కరలేదు. 1921లో పన్నులకు ఎదురు తిరిగి చీరాల పేరాల ప్రజలు ఊరే ఖాళీ చేసి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట రామనగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. పాక వేయడం మనకు ఒకరు నేర్పవలసిన పని కాదు.

మన ఇసుక నేలల్లో సరుగుడు బాదులకు కొరత లేదు. నాలుగు మూలలా నాలుగు, మధ్యలో రెండు పాతితే చాలు. ఎనిమిది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల ఎత్తు ఉంటే మూడు నాలుగు పిల్లులకు సరిపోతుంది. చుట్టూ, పైనా అరంగుళం గళ్ళ ఇనుప జాలీ కొట్టాలి. పైన కూడా ఎందుకంటే పిల్లి ఎక్కుతుంది. జాలీ మీద తాటాకు కప్పాలి. రేకు వేస్తే మే నెలలో లోపల ఉడికిపోతాయి. తూర్పు నుంచి వానజల్లు, పడమర నుంచి వడగాలి కొడతాయి కాబట్టి ఆ రెండు వైపులా తడికెలు కట్టాలి. నేలను ఇటుకలతో ఒక అడుగు ఎత్తు లేపాలి. లేకపోతే మొదటి తుఫానుకే నీళ్ళు లోపలికి వస్తాయి.

లోపల రెండు చెక్కపెట్టెలు, వాటిలో గోనెసంచులు. పాత ట్రంకుపెట్టెలు వద్దు, ఎండకు కాలుతాయి. ఒక మూల ఇసుక తొట్టి. ఆ తొట్టిని రోజూ శుభ్రం చేయాలి. ఇది అలంకారానికి చెబుతున్న మాట కాదు. పిల్లి మలం ద్వారా వచ్చే టాక్సోప్లాస్మా అనే క్రిమి మనకు అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. రోజూ ఎత్తి పారేస్తే ఆ భయం చాలావరకు పోతుంది. ఈ పని గర్భిణులు చేయకూడదు. చేసినవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఈ ఆవరణ జైలు కాదు. వంట జరిగేటప్పుడు, మనం భోజనానికి కూర్చున్నప్పుడు దాని తలుపు వేస్తాం. రాత్రి తీస్తాం. పిల్లి దూరేంత కంత ఒకటి ఉంచితే కుక్కలు లోపలికి రాలేవు. ఆ విధంగా పిల్లి మన కంచాల దగ్గరకు రాదు, రాత్రి దాని పని అది చేసుకుంటుంది.

తిండి సంగతి

ఇక్కడ నా మాట ఖచ్చితం. మెస్ ఛార్జీల్లోంచి ఒక్క పైసా పిల్లులకు పోకూడదు. విద్యార్థి గుడ్డు విద్యార్థికే. పాలు కూడా అక్కరలేదు. పిల్లికి పాలు ఇష్టమే కాని, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. సాంబారన్నం పెట్టకూడదు, ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషంతో సమానం. మాంసంలో, చేపలో ఉండే టారిన్ అనే పదార్థం లేకపోతే పిల్లికి చూపు పోతుంది, గుండె చెడుతుంది. మనకు సముద్రం దగ్గరే ఉంది. చేపల మార్కెట్లో పారేసే తలలు తెచ్చి, ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి, ముళ్ళు తీసి పెడితే చాలు. ఆ ఖర్చు పూర్వ విద్యార్థులం భరిస్తాం.

ఆపరేషన్, టీకా లేకుండా గూడు వద్దు

ఇది చేయకపోతే అసలు గూడే కట్టవద్దని నా అభిప్రాయం. ఆడపిల్లి ఐదారు నెలలకే ఎదకు వస్తుంది. రెండు నెలలు మోసి నలుగురైదుగురిని కంటుంది. ఏడాదికి రెండు మూడు కాన్పులు. తిండి పెట్టి ఆపరేషన్ చేయించకపోతే రెండేళ్ళలో హాస్టల్ మనది కాదు, పిల్లులది అవుతుంది. అప్పుడు మళ్ళీ గోనెసంచే గతి. అందుకని ఉన్న పిల్లుల్ని ఒక్కొక్కటిగా పశువైద్యుని దగ్గరకు తీసుకుపోయి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా చేయించాలి. ఆపరేషన్ అయిన పిల్లికి చెవి కొన కొంచెం కత్తిరిస్తారు, దాంతో గుర్తు తెలుస్తుంది. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న మొదటిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా వేశాడు. ఆ రోజును ప్రపంచ జూనోసిస్ దినంగా జరుపుకుంటారు. మనం కూడా ప్రతి ఏటా ఆ రోజునే మన పిల్లులకు టీకా వేయించే రోజుగా పెట్టుకుందాం.

తమ్ముళ్ళు కొన్ని నియమాలు పాటించాలి. పిల్లిని పక్కలోకి తీసుకోవద్దు, తామర అంటుకుంటుంది. తోక లాగి ఏడిపించవద్దు. కరిచినా, గీరినా దాచుకోవద్దు. వెంటనే పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వార్డెన్ గారికి చెప్పి, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. టీకా వేసిన పిల్లే గదా అని ఊరుకోవద్దు.

విద్యాసంస్థల ఆవరణల్లోంచి వీధికుక్కలను తరలించాలని సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఆదేశించింది గదా, పిల్లుల్ని ఎందుకు ఉంచాలని ఒక మిత్రుడు అడిగాడు. ఆ ఆదేశం కుక్కల గురించి. కాని దాని వెనుక ఉన్న ఉద్దేశం పిల్లల భద్రత. అది మనకూ ముఖ్యమే. పిల్లులు ఇప్పుడు కూడా మన మధ్యనే ఉన్నాయి, ఏ టీకా లేకుండా, ఏ హద్దూ లేకుండా. గూడు కట్టడమంటే కొత్తగా పిల్లుల్ని తేవడం కాదు. ఉన్నవాటిని ఒక హద్దులో, ఒక పద్ధతిలో ఉంచడం.

“మనకే దిక్కులేదు, పిల్లులకా?”

అసలు అభ్యంతరం ఇది. కిటికీ తలుపులు సరిగా లేవు, మరుగుదొడ్లు చాలవు, ముందు వాటి సంగతి చూడండి అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. 1931 ఆగస్టులో బొంబాయిలో గాంధీజీని కలిసినప్పుడు బాబాసాహెబ్ అంబేద్కర్ ఇదే బాధ చెప్పారు. మమ్మల్ని పిల్లులకంటే, కుక్కలకంటే హీనంగా చూసే దేశాన్ని, తాగే నీళ్ళయినా దొరకని దేశాన్ని నాదని ఎలా అనుకోవాలని ఆయన అడిగారు. 1927 మార్చి 20న మహద్ చెరువులో ఆయన దోసెడు నీళ్ళు తాగారు. అప్పటిదాకా ఆ చెరువులో పశువులు తాగవచ్చు, మనుషులైన మనవాళ్ళు తాగకూడదు. ఈ చరిత్ర తెలిసినవాడు పిల్లికి గూడు అనగానే చివుక్కుమనడం సహజం.

కాని బాబాసాహెబ్ అడిగింది పిల్లుల నీళ్ళు ఆపమని కాదు. మనిషికి మనిషి హక్కు ఇవ్వమని. మన హక్కులు ప్రభుత్వం ఇవ్వవలసినవి. కిటికీలకు, మరుగుదొడ్లకు అర్జీలు పెడదాం, కలెక్టరేట్‌కు పోదాం, అవసరమైతే ధర్నాకు కూర్చుందాం. చందాలతో మరుగుదొడ్లు కట్టి ప్రభుత్వాన్ని బాధ్యత నుంచి తప్పించడం నాకు ఇష్టం లేదు. పిల్లి గూడు అలా కాదు. దానికోసం ఏ శాఖా నిధులివ్వదు. అది మన చేతుల్లో పని.

ఇంకొక మాట. పదో తరగతి పరీక్షకు పోతుంటే పిల్లి ఎదురైందని వెనక్కి వచ్చి మంచినీళ్ళు తాగి పోయే తమ్ముళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఎదురొస్తే అపశకునం అనే మాట ఒకప్పుడు ఎవరిని అన్నారో మీ తాతను అడగండి. గబ్బిలం ఇంట్లోకి వస్తే అరిష్టమని అందరూ తరిమితే, మహాకవి జాషువ 1941లో ‘గబ్బిలం’ కావ్యంలో ఆ జీవితోనే తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పి పంపాడు. అందరూ తరిమే జీవిని మన కవి దూతను చేసుకున్నాడు. అపశకునమని ముద్ర పడినవాళ్ళ పిల్లలం మనం. ఆ ముద్రను ఇంకొక ప్రాణి మీద వేయడం మనకు తగదు.

చట్టం కూడా ఉంది. 1976లో రాజ్యాంగంలో చేర్చిన ప్రాథమిక విధుల్లో ప్రాణుల పట్ల దయ ఒకటి. ఆకలితో, దాహంతో బాధపడేలా ఏ జంతువునైనా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. గోనెసంచిలో కట్టి కాలవ అవతల వదిలేయడం ఈ కోవలోకే వస్తుంది. ఆ చట్టంలో మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలుగా పెట్టారు. అంత చిన్న జరిమానాకు భయపడి ఎవరూ మారరు. మనసుంటే మారాలి.

పిల్లికి కూడా బిచ్చం పెట్టడు అని పిసినారిని తిడతారు మన పెద్దవాళ్ళు. ఆ మాట మన హాస్టల్‌కు రాకూడదు.

కాబట్టి నా విజ్ఞప్తి ఇది. వార్డెన్ గారి అనుమతి తీసుకుని, ఈ వార్షికోత్సవం అయిన మరుసటి ఆదివారం పని మొదలుపెడదాం. సరుగుడు బాదులు, జాలీ, తాటాకు, ఇటుకలు పూర్వ విద్యార్థులం తెస్తాం. గుంటలు తవ్వడం, తడికెలు కట్టడం తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్ళ పని. ఇసుక తొట్టికి, నీళ్ళ గిన్నెకు వారానికి ఇద్దరి చొప్పున వంతులు వేసుకోండి. పరీక్షల నెలలో పదో తరగతివాళ్ళకు వంతు వద్దు. సెలవుల్లో మీరంతా ఊళ్ళకు పోయినప్పుడు చూసుకునే బాధ్యత ఈపురుపాలెంలోనే ఉంటున్న పాతవాళ్ళం తీసుకుంటాం. ఈ చివరి మాటకు ఒప్పుకుని ముందుకు వచ్చేవాళ్ళు కనీసం ముగ్గురు ఉంటేనే మొదటి గుంట తవ్వుదాం. సెలవుల్లో ఆకలికి వదిలేసే గూడు కట్టడం కంటే కట్టకపోవడమే మేలు.

ఒప్పుకునేవాళ్ళు సభ రోజున చేతులెత్తండి. ఒప్పుకోనివాళ్ళు లేచి ఎందుకో చెప్పండి. మాట్లాడుకుందాం.

జై భీమ్.