పీఎఫ్ తాకట్టు సరుకు కాదు



హాస్టళ్లలో చదివి ఔట్‌సోర్సింగ్ ఉద్యోగాల్లో చేరిన మనవాళ్లకు కొత్త షావుకార్లు తగిలారు. "పీఎఫ్ మీద లోన్ ఇప్పిస్తాం, యూఏఎన్ నంబరు, పాస్‌వర్డ్ ఇవ్వు" అంటున్నారు. సూటిగా చెప్తున్నాం, అది లోన్ కాదు. పీఎఫ్ సొమ్ము తాకట్టు పెట్టడానికి వీల్లేదని, మన అప్పుల కింద కోర్టు కూడా జప్తు చేయకూడదని 1952 నాటి పీఎఫ్ చట్టం సెక్షన్ 10లోనే రాశారు. వీళ్లు చేసేదల్లా మన ఖాతా ఖాళీ చేయించి, మన డబ్బే మన చేతిలో పెట్టి కమీషన్ నొక్కేయడం.

ఆ తర్వాత పన్ను దెబ్బ. ఐదేళ్ల సర్వీసు నిండకుండా ఉద్యోగం మానేసి మొత్తం తీసేస్తే, అది 50,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ కోస్తారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. పన్ను పడేంత జీతం లేనివాళ్లకూ ఈ కోత తప్పడం లేదు. రిటర్న్ వేస్తే అది వెనక్కి వస్తుంది. ఆ ముక్క ఏ ఏజెంటూ చెప్పడు. పింఛను డబ్బు కూడా తీసేస్తే, పింఛనుకు కావాల్సిన పదేళ్ల లెక్క మళ్లీ మొదటికే.

"ఎస్టీలకు ఇన్‌కంటాక్స్ లేదు కదా" అని కొందరి ధీమా. 1961 చట్టం సెక్షన్ 10(26)లో పెట్టిన ఆ మినహాయింపు ఈశాన్య రాష్ట్రాల్లోని నిర్దేశిత ప్రాంతాలు, లద్దాఖ్ గిరిజనులకే. పాడేరు, ఉట్నూరు, భద్రాచలం ఐదో షెడ్యూల్ కిందివి, మనకది వర్తించదు. అక్కడివాళ్లకు ఇచ్చారని మాకు ఏడుపు లేదు. మాకెందుకు లేదన్నదే మా ప్రశ్న.

అసలు మనకు ఐదేళ్లు ఎందుకు నిండట్లేదు? కాంట్రాక్టు మారినప్పుడల్లా కొత్త ఏజెన్సీ, కొత్త పీఎఫ్ ఖాతా. పాత ఖాతా సొమ్ము కొత్తదానికి ట్రాన్స్‌ఫర్ చేస్తే పాత సర్వీసు కూడా ఐదేళ్లలో కలుస్తుంది. అనారోగ్యం వల్లో, సంస్థ మూతపడో, మన చేతిలో లేని ఇంకో కారణం వల్లో ఉద్యోగం పోతే ఐదేళ్లు నిండకపోయినా పన్ను లేదని చట్టమే చెప్తోంది. కానీ తీసేసింది వాళ్లయితే, రికార్డులో "రాజీనామా" అని పడుతోంది. ఆ ఒక్క మాటతో మన రక్షణ చేజారుతోంది.

అందుకే అడుగుతున్నాం. కాంట్రాక్టు మారితే పీఎఫ్ ట్రాన్స్‌ఫర్ పూర్తిచేసే బాధ్యత ఏజెన్సీలదే కావాలి. మానేసిన కారణం నిజం రాయాలి. ప్రతి ఐటీడీఏలో పీఎఫ్ సాయానికి ఒక మనిషిని కూర్చోబెట్టాలి.

మన వంతుగా పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ ఇవ్వొద్దు. ఖాతా మారితే ట్రాన్స్‌ఫర్ పెట్టండి. టీడీఎస్ కోసుంటే రిటర్న్ వేయండి. భూమి కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్న షావుకార్లను మన తాతలు చూశారు. ఇప్పుడు అడుగుతున్నది ఓటీపీ, అంతే తేడా.

జై ఆదివాసీ!