కెమిస్ట్రీ పట్టా, అప్పు లెక్క

అనంతపురం జిల్లా విడపనకల్లు నల్లరేగడిలో పప్పుశనగ పండించే రైతు, బిడ్డను ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి పంపే ముందు చూడవలసింది కాలేజీ ప్రకటనల్లోని ప్యాకేజీని కాదు, నెలవారీ వాయిదాను. నాలుగు లక్షల అప్పును 10 శాతం వడ్డీతో అయిదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 8,500 రూపాయలు కట్టాలి. చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీ దీనికి అదనం. వాన తప్పిన ఏడు ఆ సొమ్ము ఇంటినుంచి రాదు. ఫార్మా కంపెనీలున్న జీడిమెట్లలోనో పరవాడలోనో కొత్త ఉద్యోగికి వచ్చే జీతంలో గది అద్దె, తిండి పోగా మిగిలినదాంట్లోంచే రావాలి. ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేస్తూ 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన జీవో 77 ఈ భారాన్ని సరిగ్గా ఇలాంటి ఇళ్లమీదే మోపింది. అది అన్యాయం.

ఫార్మా పెరుగుతోంది కదా, చదువు ఎలాగైనా గిట్టుబాటవుతుందని కొందరంటారు. మందుల తయారీకి, నాణ్యత పరీక్షలకు కెమిస్టులు కావాలన్నది నిజమే. కానీ అనుభవం వచ్చాక పెరిగే జీతం మొదటి ఏడాది వాయిదా కట్టదు. అలాగని కెమిస్ట్రీనే వద్దనడం మరీ తప్పు. అనంతపురంలోనే 1981 నుంచి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు దొరికితే అప్పు లెక్కే మారిపోతుంది. అక్కడ అధ్యాపకులను, ప్రయోగశాలలను పెంచడం, బ్యాంకు వాయిదాను వచ్చే జీతంతో ముడిపెట్టడం ప్రభుత్వాలు చేయగలిగిన పనులే.