దోషరహిత మార్గం కోసం నిరీక్షణ

మదనపల్లె నుండి కుప్పం వెళ్ళే బస్సులో గత మాసం పుంగనూరు వద్ద ఒక విద్యార్థి ఎక్కి నా ప్రక్కన కూర్చున్నాడు. కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయంలో అతని ఎం.ఏ. పూర్తికావచ్చినది. తరువాత ఏమని అడిగితే మూడు మార్గాలు చెప్పాడు: డీఎస్సీ, నెట్, బెంగళూరులో అనువాదకుని ఉద్యోగం. ఒక్కదానికీ దరఖాస్తు పెట్టలేదు. "ఏ లోపమూ లేకుండా తయారైనాక పెడతాను సార్" అన్నాడు. అతనిని సోమరి అనడానికి వీలులేదు. సంచి నిండా ముమ్మారు తిరగవ్రాసిన నోట్సులే.

మనస్తత్త్వ శాస్త్రంలో దీనికి పరిపూర్ణతావాదమని పేరు. హ్యూయిట్, ఫ్లెట్ అనే పరిశోధకులు 1991లో దీనిని మూడు విధాలుగా విభజించారు: తన నుండి తాను ఆశించేది, ఇతరుల నుండి ఆశించేది, ఇతరులు తన నుండి ఆశిస్తున్నారని తాను భావించేది. ఉన్నత ప్రమాణం పెట్టుకోవడం వృత్తినిర్ణయానికి విఘాతం కాదు. దోషభయమే నిర్ణయాన్ని వాయిదా వేయిస్తుంది. మన ప్రాంతంలో మూడవ విధమే అధికమని నా అభిప్రాయం. మదనపల్లె మార్కెట్టులో టమాటా ధర పడిపోయిన దినాన రిక్తహస్తాలతో ఇల్లు చేరిన తండ్రిని చూచి పెరిగిన బిడ్డకు, నీవు తప్పటడుగు వేయరాదని ఎవరూ నోరు విప్పి చెప్పనక్కరలేదు.

అయితే ఇది కేవలం మనోదౌర్బల్యం కాదు, తాత్త్విక ప్రమాదం కూడా. పూర్ణత్వం ఉపనిషత్తులు బ్రహ్మమునకు చెప్పిన లక్షణం. దానిని కర్మపై మోపడం శంకరులు వివరించిన అధ్యాసకు మరొక రూపం. విద్యార్థులకు మనవారు తరచు బోధించేది గీతలోని ఫలత్యాగం. ఈ యువకునికి దానివలన ప్రయోజనం స్వల్పం. అతని ఆసక్తి ఫలంపై కన్న కర్మశుద్ధిపైనే. ఆ ఆసక్తి సద్గుణ వేషంలో ఉన్నందున దానిని బంధమని గుర్తించడం కష్టం. అతనికి కావలసినది పదునెనిమిదవ అధ్యాయం. అగ్నిని ధూమం ఆవరించినట్లు సమస్త కర్మారంభాలనూ దోషం ఆవరించి ఉంటుందనీ, అంతమాత్రాన సహజకర్మను విడువరాదనీ భగవానుడు అక్కడ అర్జునునికి చెప్పాడు. పొగ లేని నిప్పు కోసం వేచినవాని పొయ్యి వెలగదు.

మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి ఇక్కడ స్ఫురణకు వస్తారు. 1909లో అడయారులో దివ్యజ్ఞాన సమాజ పెద్దలు ఆ బాలునిలో భావి జగద్గురువును చూచారు. 1911లో ఆయన కోసం ఒక సంఘమే వెలసినది. ఇంతకన్న నిర్దుష్టంగా పరులు రచించిన జీవితప్రణాళిక మరొకటి ఉంటుందా? ఆ జగద్గురువు లండన్ విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో మరల మరల తప్పారు. 1929లో హాలెండులోని ఒమ్మెన్‌లో ఆ సంఘాన్ని తానే రద్దు చేశారు. ఆదర్శమే సంఘర్షణకు మూలమని ఆయన మతం. అంతదూరం నేను ఆయన వెంట పోలేను. ఆయనకు ఏటా 500 పౌండ్ల ఆజీవన భృతి ఏర్పరచిన దాత ఉన్నది. ఈ విద్యార్థికి చెల్లెలి కళాశాల రుసుము ఉన్నది. ప్రణాళిక అతనికి తప్పదు.

వి.కోట దాటిన తరువాత అతనిని ఒకటే అడిగాను: మూడు మార్గాలలో ఒక్కొక్కదాని దోషమేమి, వాటిలో నీవు సహించగలిగినదేది? చాలాసేపు కిటికీ వైపు చూచాడు. డీఎస్సీలో ఎప్పుడు వస్తుందో తెలియని ప్రకటన కోసం ఎదురుచూపు. నెట్ తరువాత ఏళ్ళ తరబడి పరిశోధన. అనువాదంలో జీతం స్వల్పం, పైగా యంత్రం ఎప్పుడు ఆ పని లాగుకొంటుందోనని శంక. చివరిదానినే భరించగలనన్నాడు.

"గడువు ఎప్పటివరకు?"

"ఇంకా నాలుగు రోజులుంది సార్. రెజ్యూమే ఒక్కసారి దిద్దుకుని..." అని, తన మాట తనకే వినిపించినట్లు నవ్వి, ఫోను చేతిలోకి తీసుకున్నాడు. అంతలో కుప్పం వచ్చినది.